మా ఆవిడ కాసేపు

ఆయనకి లోకంలో సమస్తం అర్థమయ్యేది, "కాసేపు" అన్న మాట ఒక్కటి తప్ప. "కొంచెం", "కాస్త", "అటుపక్క" దానికి తోబుట్టువులు. వాటితోనూ ఆయనకి పడేది కాదు. ఎవరి నోట ఆ మాట జారినా దొంగని పట్టుకున్నట్టు పట్టుకుని మూడు ప్రశ్నలు వేసేవారు. ఎక్కణ్ణుంచి కొలుస్తున్నారు? ఎటు ప్లస్సు? దేంట్లో?

పొద్దున్న ఆరున్నరకి ఆ ఇంట్లో ముప్ఫై ఒక్క ఏళ్ళపాటు ఒకటే సంభాషణ.

"కాసేపట్లో టీ ఇస్తా" అని వంటింట్లోంచి ఆవిడ.

"ఎన్ని నిమిషాలు?" అని హాల్లోంచి ఆయన.

"ఓ ఐదు."

"ఎక్కణ్ణుంచి? స్టవ్ వెలిగించిన దగ్గర్నుంచా, నువ్వు అన్న దగ్గర్నుంచా?"

"మీరు నోరు మూసుకున్న దగ్గర్నుంచి."

"అయితే ఇవాళ్టికి టీ లేనట్టే" అని ఆయన నిట్టూర్చేవారు. సరిగ్గా ఐదో నిమిషానికి కప్పు చేతికొచ్చేది.

ఇప్పుడా సంభాషణ లేదు. మొదటి వారం అలవాటు కొద్దీ "కాసేపట్లో టీ ఇస్తా" అంది ఆవిడ. హాలు ఏమీ అడగలేదు. అడగకపోయేసరికి ఎంతసేపట్లో దించాలో తెలియక, టీ పొంగి స్టవ్ నిండా పారింది. అది తుడవడానికి చాలాసేపు పట్టింది. ఎన్ని నిమిషాలో ఎవరూ లెక్క రాసుకోలేదు.

ఆయన పోవడం కూడా ఆయన పద్ధతికి విరుద్ధంగానే జరిగింది. ఓ ఆదివారం భోంచేసి, "కాసేపు పడుకుంటానోయ్" అన్నారు. ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు, అదే ఆఖరు. ఎన్ని నిమిషాలని ఆవిడ అడగలేదు. అడిగుంటే జవాబు చెప్పడానికైనా లేచేవారేమోనని ఆవిడకి ఇప్పటికీ ఓ అనుమానం. ఆయన సంగతి తెలిసినవాళ్ళెవరూ ఆ అనుమానాన్ని కొట్టిపారెయ్యలేరు.

ఆయన చేసే పనేమిటో ఆవిడకి చాలాకాలం తెలియదు. ఆవిడ చదివింది ఆరో క్లాసు. అడిగితే ఆయన, "సంబంధాలు కుదురుస్తానోయ్" అనేవారు. ఒక ప్రోగ్రాం ఉందట. దానికి విమానం గాల్లో ఎలా పోతుందో తెలుసు. రెక్కలు, గాలి, బరువు, అన్నీ లెక్క కట్టి తెర మీద ఎగరేసి చూపిస్తుంది. ఇంకో ప్రోగ్రాం ఉందట. దాంట్లో విమానం మెదడుని డబ్బాలుగా, బాణాలుగా గీస్తారు. ముక్కు లేస్తే తోక ఎంత తిప్పాలో అది చెప్తుంది. ఈ రెండూ మాట్లాడుకోవాలి. కానీ ఒకరి భాష ఒకరికి రాదు. ఒకరు మీటర్లలో మాట్లాడితే ఇంకొకరు అడుగుల్లో. ఒకరికి పైకి ప్లస్సు, ఇంకొకరికి కిందికి ప్లస్సు. ఆఖరి నాలుగేళ్ళూ ఆయన మధ్యలో కూర్చుని ఒకరి మాట ఇంకొకరికి చేరవేసే పనిముట్టు తయారు చేశారు.

"కిందికి ప్లస్సేంటండీ, చోద్యం కాకపోతే?"

"మొదటిసారి అడక్కుండా కలిపేశారోయ్. విమానం నేల్లోకి నాలుగు కిలోమీటర్లు దిగి, అక్కడ హాయిగా గంటసేపు ప్రయాణం చేసింది."

"అయ్యో, లోపల జనం?"

"ఉంటే కాఫీ కూడా ఇచ్చి ఉండేవాళ్ళు. లెక్క ప్రకారం అంతా సవ్యంగానే ఉంది."

ఆఫీసులో ఆయన్ని "ఎటుప్లస్ గారు" అనేవాళ్ళు. ముఖం ముందు అనేవాళ్ళు కాదు, కానీ ఆయనకి తెలుసు. ఓసారి ఫోన్లో ఆయనే "హలో, ఎటుప్లస్ మాట్లాడుతున్నా" అనేసి, అవతలివాళ్ళు గతుక్కుమంటే ఇటు తిరిగి ఆవిడకి కన్ను కొట్టారు.

ఈ జబ్బు ఆయనకి పుట్టుకతో వచ్చింది కాదు. ఎప్పుడు పట్టుకుందో ఆవిడకి వారంతో సహా గుర్తుంది. పెళ్ళైన ఏడాది అత్తగారికి దగ్గు. డాక్టరు ఓ సీసా ఇచ్చి "పూటకో చెంచా" అన్నాడు. ఆవిడకి తెల్లకోటు చూస్తే నోరు పెగలదు, తల మాత్రం దానంతటదే ఊగుతుంది. ఊపింది. ఇంటికొచ్చి చేతికందిన చెంచాతో పోసింది. అది వడ్డించే చెంచా. అత్తగారు రెండు రోజులు కదలకుండా నిద్రపోయారు. ఆ ఇంటి చరిత్రలో అంత ప్రశాంతమైన రెండు రోజులు మళ్ళీ రాలేదు. లేచాక అత్తగారు కోడలికి సహస్రనామాలు చదవబోతుంటే ఆయన అడ్డుపడి, "తప్పు డాక్టరుదమ్మా, ఏ చెంచానో చెప్పలేదు" అని నెట్టేశారు. ఆ మర్నాటి నుంచే ప్రశ్నలు మొదలు. మందు తాగింది అత్తగారు, జబ్బు తగులుకుంది ఈయనకి.

తర్వాత ఎప్పుడు డాక్టరు దగ్గరికెళ్ళినా ఆవిడకి భూమిలోకి దిగిపోదామనిపించేది, ఆ విమానంలాగే.

"చెంచా అంటే ఏ చెంచా డాక్టర్ గారూ?"

"టీ చెంచా అండీ."

"నిండుగానా, తల కొట్టా?"

"...తల కొట్టి."

"భోజనానికి ముందు అన్నారు. ఎంత ముందు? కంచం పెట్టిన దగ్గర్నుంచా, ముద్ద నోట్లో పెట్టిన దగ్గర్నుంచా?"

బయట వరసలో ఒకడు, "డాక్టరుకే పరీక్ష పెడుతున్నాడ్రోయ్, పాసవుతాడంటావా?" అనేవాడు. మంగలి సంగతి సరేసరి. "కొంచెం తగ్గించు" అనే రకం కాదు కదా ఈయన! జేబులోంచి స్కేలు తీసేవారు. ఆయన వీధి మలుపు తిరిగితే మంగలి దుకాణంలో అద్దం తుడవడం మొదలెట్టి, ఆయన వెళ్ళేదాకా తుడుస్తూనే ఉండేవాడు. ఆ వీధిలో అంత శుభ్రమైన అద్దం ఇంకోటి లేదు.

అంత పెద్ద ఇంజనీరు, ఇంత మొద్దు ప్రశ్నలు! పైగా ఇంట్లో గొంతు పెంచని మనిషి, బయట ఈ ప్రశ్నలు మాత్రం గోడ అవతలికి వినపడేలా అడిగేవారు. అదేం చిత్రమో ఆవిడకి అంతుపట్టేది కాదు.

ఇంట్లో గొంతు పెంచే బదులు చీటీలు. కుళాయి మీద "ఎడమకి ప్లస్సు". ఉప్పు డబ్బా మీద "ఆవిడ కొంచెం = 4 గ్రాములు, నా కొంచెం = 7, అందుకే నన్ను ముట్టుకోనివ్వదు". హాలు గడియారం కింద పెద్ద చీటీ.

వంటింటి కాసేపు (టీ మినహా): 20 నిమిషాలు.
బయల్దేరే ముందు కాసేపు: 47 నిమిషాలు.
అక్కయ్య ఫోన్లో కాసేపు: కొలవడం సాధ్యం కాలేదు.

ఈ మూడో వాక్యం వల్ల ఆ చీటీలన్నిటికీ ఒక బద్ధశత్రువు ఏర్పడింది. ఆయన అక్కయ్య, అంటే ఆవిడకి వదినగారు. రెండు వీధుల అవతల ఉంటుంది. ఆయన పోయిన మూడో నెల, ఓ సోమవారం పొద్దున్నే వచ్చి నడుం బిగించింది.

"ఇదేమన్నా ఇల్లా, మందుల కొట్టా? ఎటు చూసినా చీటీలే. గీకి పారేద్దాం. చూసినప్పుడల్లా నీకు బెంగ."

"చూద్దాం లెండి వదినా."

"చూడ్డానికేముంది, చదవడానికే ఉంది. లోకమంతా వచ్చి చదివిపోతోంది. ముందు ఆ గడియారం కిందది."

వేణ్ణీళ్ళు, పాత గుడ్డ, మొండి కత్తి సిద్ధమయ్యాయి. ఆవిడ గుడ్డ తడిపి కుళాయి చీటీ మీద పెట్టిందో లేదో, గుమ్మం దగ్గర గంట మోగింది.

వచ్చినవాళ్ళిద్దరూ ఆయన ఆఫీసువాళ్ళు. ఒకరు ఎగిరే ప్రోగ్రాం చూసే పెద్దమనిషి. ఇంట్లో మాట్లాడేటప్పుడు ఆయన ఈయన్ని రెక్కలాయన అనేవారు. ఇంకొకరు మెదడు గీసే ఇంజనీరమ్మ, ఆమె డబ్బాలమ్మ. ఇద్దరూ ఒకే కార్లో వచ్చి, ఒకే సోఫాలో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. మధ్యలో ఇంకో ముగ్గురు పట్టేంత మౌనం.

"చెల్లెమ్మా, గురువారం ఆఫీసు పెద్దవాళ్ళ ముందు ప్రదర్శన" అన్నాడు రెక్కలాయన. "రెండు ప్రోగ్రాములూ కలిపి విమానం ఎగరెయ్యాలి. ఎగరట్లేదు."

"నేల్లోకి పోతోందా అన్నయ్యగారూ?"

"పోతే బాగుండు. కదలట్లేదు. రన్‌వే మీద శిలలా నిలబడిపోయింది. ఎందుకో ఆ చివర కూర్చున్నావిణ్ణి అడగండి."

"ఆంటీ, మా డబ్బాల్లో ఏ లోపమూ లేదని ఆయనకి చెప్పండి. ముక్కు ఎంత ఎత్తుందో వాళ్ళు చెప్తే కదా, తోక ఎంత తిప్పాలో మేం చెప్పేది!"

"తోక సంగతి వాళ్ళు తేలిస్తే కదా చెల్లెమ్మా, ముక్కు ఎత్తు మేం లెక్క కట్టేది!"

"చూశారా ఆంటీ వరస?"

"చూస్తున్నారుగా చెల్లెమ్మా!"

చదువుకున్నవాళ్ళు మాట్లాడుతుంటే ఆవిడ తల దానంతటదే ఊగుతోంది. వదినగారు మాత్రం ఊరుకోలేదు. "ఎదురుగా కూర్చున్నారుగా, ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకుని చావండి, మధ్యలో మా పిల్లెందుకు?"

ఇద్దరూ తలలు దించుకున్నారు. అసలు సంగతి అప్పుడు బయటపడింది. వీళ్ళిద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఒకరి మాట ఒకరికి మోసింది ఆయనే. రెక్కలాయన "ఆ డబ్బాలమ్మకి బుర్ర లేదు" అంటే, ఈయన వెళ్ళి "ఆయన ఇంకోసారి వివరంగా చెప్పమంటున్నారమ్మా" అనేవారు. ఆయన పోయాక ఇద్దరూ మొదటిసారి ఒకరి మాట ఒకరు తిన్నగా విన్నారు. అంతే, పది నిమిషాల్లో కొంప అంటుకుంది.

"గురువారానికి కలవకపోతే ఏమవుతుంది?" అంది ఆవిడ.

డబ్బాలమ్మ తల దించుకునే చెప్పింది. "ఆయన చేసింది తీసి పారేసి, బయట దొరికే రెడీమేడ్‌ది పెడతారు ఆంటీ. ఇప్పటికే 'ఎటుప్లస్ పోయాడు, దాన్నీ పంపించెయ్యండి' అంటున్నారు."

ఆవిడ చేతిలో తడిగుడ్డ నీళ్ళు కారుతోంది. నాలుగేళ్ళు. భోజనాల బల్ల మీద, అన్నం చల్లారిపోతుంటే గీసుకున్న గీతలు. మనిషిని పంపించెయ్యడం ఎలాగూ తప్పలేదు. ఆయన పనిని కూడానా?

"ఆయన పుస్తకం ఒకటుండాలి ఆంటీ. ఎవరి మాటకి ఏది అర్థమో రాసుకునేవారు. ఆఫీసంతా వెతికాం."

పుస్తకం పప్పుల డబ్బాల వెనక ఉంది. నూనె మరకలతో సహా తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎడమ పక్క రెక్కలవాళ్ళ మాట, కుడి పక్క డబ్బాలవాళ్ళ మాట, అంచుల్లో బొద్దు అక్షరాలు. డబ్బాలమ్మ పైకి చదవడం మొదలెట్టింది.

"'ఎత్తు. రెక్కలవాళ్ళకి కిందికి ప్లస్సు. ఇవాళ మీటింగులో మళ్ళీ అడిగాను. నాకు పోయినేడే తెలుసు. మూల కూర్చున్న కొత్తమ్మాయికి తెలియదు, అడగడానికి భయం...'"

ఆమె పుస్తకంలోంచి తలెత్తింది. "ఆ కొత్తమ్మాయి నేనే ఆంటీ. ఆ రోజు ఇంటికెళ్ళి, ఇంత సీనియరుకే తెలియదు, నేనే నయం అని ధైర్యం తెచ్చుకున్నా."

"మా తమ్ముణ్ణి మొద్దు అనుకున్నావన్నమాట" అంది వదినగారు.

"అందరం అనుకున్నాం" అన్నాడు రెక్కలాయన నవ్వుతూ, పుస్తకం తనవైపు తిప్పుకున్నాడు. పేజీ తిప్పాడు. నవ్వు ఆగిపోయింది.

"చదవండి అన్నయ్యగారూ."

"వద్దులెండి."

వదినగారు లాక్కుని చదివింది. "'రెక్కలాయనకి డబ్బాల బొమ్మలో బాణం ఎటు నుంచి ఎటు చదవాలో తెలియదు. పాపం, ఎనిమిదేళ్ళుగా అడగలేదు. రేపు నేను అడగాలి.'"

"అడిగారు" అన్నాడు రెక్కలాయన నేలకేసి చూస్తూ. "నిండు మీటింగులో. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ, బల్ల కింద రాసుకున్నాను."

ఆవిడ పుస్తకం అందుకుని అట్ట లోపలి పేజీ తీసింది. అక్కడ రెండు వాక్యాలు. కూడబలుక్కుని చదివింది. "గదికొకరు అడగలేక తల ఊపేవాళ్ళుంటారు. వాళ్ళ బదులు మనం మొద్దు అనిపించుకుంటే సొమ్మేం పోదు." కింద చిన్నక్షరాలతో: "నేర్పింది: చెంచా."

మిగతావాళ్ళకి ఆ చెంచా ఏమిటో అర్థం కాలేదు. ఆవిడకి అర్థమైంది. ముప్ఫై ఏళ్ళుగా డాక్టర్ల గదుల్లో, ఆఫీసుల్లో, కౌంటర్ల ముందు గోడ అవతలికి వినపడేలా అడిగిన ఆ మొద్దు ప్రశ్నలన్నీ ఎవరి కోసమో అర్థమైంది. తను సిగ్గుతో చచ్చిపోతూ ఆయన చొక్కా లాగేది. ఆయన లాగించుకుంటూనే అడిగేవారు. తనకి నవ్వొచ్చింది. ఎంత మోసగాడు!

"అయితే ఆ కుళాయి ఎటు తిప్పాలో నాకు తెలీదని కూడా వాడికి తెలుసన్నమాట" అంది వదినగారు అనుమానంగా.

ఈలోగా డబ్బాలమ్మ చివరి పేజీకి వెళ్ళి కెవ్వుమంది. ఆ పేజీలో ఒక డబ్బా బొమ్మ, దాని మీద పేరు: "మా ఆవిడ కాసేపు". పక్కన: "ఇది ఎందుకో మా ఆవిడకి తెలుసు."

"ఇది... ప్రోగ్రాంలోంచి మేం తీసేశాం."

"ఎందుకమ్మా?"

"ఆ పేరు చూసి సరదాకి పెట్టారనుకున్నాం ఆంటీ. పెద్దవాళ్ళ ముందు బాగుండదని శుభ్రం చేశాం."

"మేం అంటే ఎవరు?"

ఇద్దరూ చేతులెత్తారు. పుట్టి బుద్ధెరిగాక వాళ్ళిద్దరూ ఏకమైంది ఆ ఒక్క పనిలోనే.

ముగ్గురూ ఆవిడకేసి చూశారు. అరగంట కిందటైతే తల ఊపేది. ఇప్పుడు ఊపలేదు. గొంతు సవరించుకుని, గోడ అవతలికి వినపడేలా అంది: "నాకు మీరు చెప్పింది ఒక్క ముక్క అర్థం కాలేదు. మీ రెండు ప్రోగ్రాముల్లో ముందు ఎవరు మాట్లాడాలి?"

"వాళ్ళే" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. అని, మొదటిసారి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అంటే నువ్వు చెప్తే నేను చెప్తానని ఈయన, ఈయన చెప్తే నేను చెప్తానని నువ్వు. అందుకని విమానం అలిగి కూర్చుంది."

అప్పుడు ఆవిడకి ఓ పాత సెలవురోజు గుర్తొచ్చింది. వదినగారి ఫోను గురించే పొద్దున్న మాటా మాటా అనుకున్నారు. ఆ ఇంట్లో ఆయన "ఆకలేస్తోంది" అంటే ఆవిడ కంచాలు పెడుతుంది. ఆవిడ కంచాలు పెడితే ఆయనకి ఆకలేస్తుంది. ఆ రోజు ఆయన అనలేదు, ఈవిడ పెట్టలేదు. సాయంత్రం నాలుగైంది. కూర గడ్డకట్టింది. చివరికి ఆయన వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"నిన్న నువ్వు నాతో ఏమన్నావ్?"

"నిన్నటి మాట ఇప్పుడెందుకు?"

"ఎందుకంటే ఇవాళ కొత్త మాట రాలేదు. కొత్తది వచ్చేదాకా పాతదే చెల్లుతుంది. నిన్న మధ్యాహ్నం భోజనానికి రమ్మన్నావ్. వచ్చా."

ఆవిడ ఈ సంగతి, వదినగారి ఫోను గొడవ మినహాయించి, చెప్పింది. "ఆ డబ్బా అదే అయ్యుంటుంది. అవతలివాళ్ళు నోరు విప్పేదాకా, కాసేపు, వాళ్ళ కిందటి మాట పట్టుకుని పని మొదలెట్టమని."

డబ్బాలమ్మ తలమీద చెయ్యి పెట్టుకుంది. రెక్కలాయన సోఫా చివర్నుంచి మధ్యకి జరిగాడు.

"కాసేపంటే ఎంతసేపు?" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

ఆవిడ గడియారం కింద చీటీ చూపించింది. "వంటింటి కాసేపు ఇరవై."

పుస్తకంలో డబ్బా కిందా ఇరవయ్యే ఉంది. "కాకపోతే ఇది మిల్లీ సెకన్లు ఆంటీ. సెకన్లో వెయ్యో వంతు."

"అబ్బో! అంత తొందరగా వండేదాన్ని నేనెక్కడా చూళ్ళేదు."

ఇద్దరూ వెళ్తూ మెట్ల మీద మాట్లాడుకోవడం వినపడింది. పోట్లాటే. కానీ తిన్నగా.

గురువారం మధ్యాహ్నం ఫోను మోగింది. అవతల చప్పట్లు, కేకలు. "ఎగిరింది ఆంటీ! ఆయన చేసిందాన్నే ఉంచేస్తున్నారు!"

"ఎటు ఎగిరింది?"

"పైకే ఆంటీ!"

"పైకంటే? ఎటు ప్లస్సు?"

అవతల నవ్వులు. రెక్కలాయన ఫోను లాక్కున్నాడు. "ఇంకోమాట చెల్లెమ్మా. పెద్దవాళ్ళలో ఒకాయన ఆ డబ్బా పేరేంటని అడిగాడు. అదే దాని పేరని చెప్పాం. ఇక ఎవరూ మార్చకూడదని రాయించేశాం కూడా."

ఫోను పెట్టేసి చూస్తే గుమ్మంలో వదినగారు. చూపు తిన్నగా గడియారం కిందికి.

"ఇంకా గీకలేదూ?"

"కాసేపట్లో గీకేస్తా వదినా."

"కాసేపంటే ఎంతసేపే?"

ఆవిడ మొండి కత్తి తీసుకెళ్ళి సొరుగులో పడేసింది. గుడ్డ మడిచి లోపల పెట్టింది. పెన్ను తెచ్చి, కుర్చీ ఎక్కి, గడియారం కింద చీటీలో మూడో వాక్యం కింద, వంకరటింకర అక్షరాలతో, నాలుగోది రాసింది.

చీటీలు గీకే ముందు కాసేపు: కొలవడం సాధ్యం కాలేదు.